ఆరిపోని చుక్కలు

పిల్లలూ! మీరు కళ్ళారా చూసిన వస్తువు ఒకటి, మీరు వెళ్ళి పెద్దవాళ్ళను పిలుచుకు వచ్చేసరికి మాయమైపోయిందనుకోండి. అప్పుడు మీ మొహం ఎట్లా వుంటుంది? నా మొహం ఒకసారి అట్లాగే అయింది. ముందు ఆ సంగతి చెబుతాను. ఎందుకంటే, ఇప్పుడు చెప్పబోయే చుక్కల కథ నాకు అక్కడే మొదలయింది.

1996లో నేను ఎం.ఎస్‌సి. చదువుతున్నాను. మా తరగతికంతా కలిపి మంచి మైక్రోస్కోపు ఒక్కటే వుండేది. దానికి పాదరసపు దీపం ఒకటి. ఆ దీపం ఆయుర్దాయం 200 గంటలు. ఆపైన కొత్తది కొనవలసిందే. అది చాలా ఖరీదు. అందుకని ఎవరు ఎన్ని నిమిషాలు వెలిగించారో ఒక పుస్తకంలో రాసి సంతకం చెయ్యాలి. మా మేష్టారు ఆ పుస్తకాన్ని, మా అమ్మ పాలలెక్క చూసినంత శ్రద్ధగా చూసేవారు.

నాకు ఇచ్చిన పని ఏమిటంటే, ఎలుక పేగును కాగితం కన్న పల్చగా కోసి, ఆ ముక్కలో ఒకానొక మాంసకృత్తు ఎక్కడెక్కడ వున్నదో కనిపెట్టడం. ఇది వినటానికి తేలికగానే వుంటుంది. కాని శరీరంలోని కణాలకు చాలావాటికి రంగంటూ వుండదు. అంతా గాజునీళ్ళలాగే వుంటుంది. అందులో ఒక్క మాంసకృత్తును వెతకటమంటే మంచినీళ్ళ కుండలో మంచు ముక్కను వెతకటమే. అందుకని దానికొక వెలిగే రంగు అంటిస్తారు. నేను వాడిన రంగు పేరు ఫ్లోరెసీను. జర్మనీలో బేయర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1871లో దాన్ని తయారుచేశాడు. దానిమీద నీలి వెలుతురు పడితే అది ఆకుపచ్చగా వెలుగుతుంది.

నాలుగురోజులు పనిచేశాను. నాలుగోనాడు సాయంత్రం చీకటిగదిలో కూర్చుని చూద్దునుగదా, నల్లని చీకట్లో ఆకుపచ్చని సన్నని గీతలు, దీపావళి నాటి వీధిలాగా వరసలు తీరి వున్నాయి! నాకు ఒళ్ళు తెలియలేదు. మేష్టారిని పిలవటానికి పరుగెత్తాను. ఆయన కాఫీ తాగుతున్నారు. తాగటం పూర్తిచేసి, కండువా సర్దుకుని, మెల్లిగా వచ్చి మైక్రోస్కోపులోకి చూశారు.

"ఏదమ్మా?" అన్నారు.

నేను చూశాను. ఏమీ లేదు. ఒట్టి నలుపు.

"ఇప్పుడే చూశానండీ! నిజంగా వున్నదండీ!" అన్నాను.

"నువ్వు చూసి వుండవచ్చు. నేను చూడలేదు. నేను చూడనిదానికి నా సంతకం ఎట్లా పెట్టేది?" అన్నారు ఆయన. కోపంగా కూడా అనలేదు. అందువల్ల మరీ ఏడుపు వచ్చింది. ఆ రాత్రి నేను హాస్టల్లో అన్నం తినలేదు.

తప్పు నాదేనని మరునాడు తెలిసింది. దీపానికి ముందు చిన్న రేకు తలుపు ఒకటి వుంటుంది. నేను సంతోషంలో దాన్ని మూయకుండా పరుగెత్తాను. ఆ పదినిమిషాలూ పాదరసపు దీపం వెలుతురు నా ముక్కమీద పడుతూనే వున్నది. ఎండలో ఆరేసిన రంగుచీర వెలిసిపోవటం మీరు చూసే వుంటారు. నా ఫ్లోరెసీను కూడా అట్లాగే వెలిసిపోయింది. అందులోని చిక్కు చూశారా? వెలుతురు పడకపోతే అది వెలగదు. వెలుతురు పడితే చెడిపోతుంది. చూడటమే దానికి మృత్యువు! ఫోటో తీద్దామంటే, ఆ రోజుల్లో ఫిల్ము మీద బొమ్మ పడేందుకు చాలాసేపు తెరిచి వుంచాలి. ఫోటో పూర్తయ్యేలోపల రంగు సగం పోయేది.

అసలు ఒక రంగు వెలుతురు పడితే వస్తువు ఇంకొక రంగున వెలగటమేమిటని మీరు అడగవచ్చు. దీన్ని ప్రతిదీప్తి అంటారు. మీ ఇంట్లో పాత ట్యూబులైటు వుంటే అందులో జరిగేది ఇదే. గొట్టంలోపల పాదరసపు ఆవిరినుంచి కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు పుడతాయి. గాజుకు లోపల పూసిన తెల్లని పొడి ఆ కిరణాలను మింగి, మనకు కనిపించే వెలుతురుగా కక్కుతుంది. కొత్త రూపాయల నోటును బ్యాంకులో అతినీలలోహిత దీపం కింద పెడితే అంకెలు వెలగటమూ ఇదే. ఈ సంగతిని బాగా పరీక్షించినవాడు ఇంగ్లండులో స్టోక్స్ అనే ఆయన. 1852లో ఆయన మలేరియా జ్వరానికి వాడే క్వినైనును నీళ్ళలో కలిపి, ఎండను పట్టకంతో ఏడురంగులుగా విడదీసి, ఊదారంగుకు అవతల, కన్నుకు ఏమీ కనిపించనిచోట ఆ గొట్టాన్ని వుంచాడు. ఏమీ లేదనుకున్న చోట గొట్టం నీలంగా వెలిగింది!

సరే, నా కథకు వస్తాను. రెండేళ్ళు గడిచాయి. మా గ్రంథాలయానికి అమెరికానుంచి "సైన్స్" అనే పత్రిక కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చేది. 1998 సెప్టెంబరు సంచికలో ఒకేసారి రెండు వ్యాసాలు కనిపించాయి. ఒకటి కాలిఫోర్నియాలో అలివిసాటోస్ అనే ఆయనా, ఆయన సహచరులూ రాసింది. రెండోది ఇండియానాలో చాన్, నీ అనే ఇద్దరు రాసింది. మొదటివాళ్ళు ఎలుక కణాలలోని నారపోగులను ఎర్రగానూ, మధ్యనున్న కేంద్రకాన్ని ఆకుపచ్చగానూ వెలిగించారు. రెండోవాళ్ళు తాము వాడిన పదార్థం రోడమీను అనే పాతరంగుకన్న 20 రెట్లు ప్రకాశంగా వెలుగుతుందనీ, వెలుతురుకు 100 రెట్లు ఎక్కువగా తట్టుకుంటుందనీ రాశారు. నేను ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. 100 రెట్లు! మా మేష్టారు రెండు కాఫీలు తాగి వచ్చినా సరిపోయేది.

ఆ పదార్థం రంగుకాదు, స్ఫటికం. పేరు క్వాంటం డాట్. మనం క్వాంటం చుక్క అందాం. ఒక్కొక్క చుక్కలో కొన్ని వందలనుంచి కొన్ని వేల వరకు పరమాణువులు వుంటాయి. ఎంత చిన్నదో ఊహించాలంటే, భూగోళం ముందు ఫుట్‌బాలు ఎంతో, ఫుట్‌బాలు ముందు ఈ చుక్క అంత. మిల్లీమీటరును 10 లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. ఈ చుక్కలు 2 నుంచి 10 నానోమీటర్లు వుంటాయి. మీ తలవెంట్రుక అడ్డంగా వేలకొద్దీ చుక్కలను వరసగా పేర్చవచ్చు.

ఇందులో అసలు వింత ఇప్పుడు చెబుతాను. ఎర్రచుక్కకూ, ఆకుపచ్చచుక్కకూ, నీలంచుక్కకూ పదార్థంలో తేడా లేదు! అన్నీ కాడ్మియం సెలినైడు అనే ఒకే వస్తువు. తేడా అల్లా సైజులోనే. సుమారు 2 నానోమీటర్ల చుక్క నీలంగా వెలిగితే, 3 నానోమీటర్లది ఆకుపచ్చగా, 6 నానోమీటర్లది ఎర్రగా వెలుగుతుంది. గుడిగంటా, కాలిగజ్జె రెండూ కంచువే అనుకోండి. కాని గంట గంభీరంగా మోగుతుంది, గజ్జె సన్నగా మోగుతుంది. చుక్కలోపల ఎలక్ట్రాను అనే అతి సూక్ష్మమైన కణం ఇరుకున పడుతుంది. గది ఎంత ఇరుకైతే దాని శక్తి అంత హెచ్చుతుంది. హెచ్చు శక్తి గల వెలుతురు నీలం. తక్కువ శక్తి గలది ఎరుపు. చుక్కలకూ గజ్జెలకూ పోలిక ఇంతవరకే సుమా. గజ్జెలో ఎలక్ట్రానులు మోగటం లేదు!

దీన్ని మొదట కనిపెట్టినవాడు ఎకిమోవ్. లెనిన్‌గ్రాడులో ఆయన రంగుగాజుమీద పనిచేశాడు. గాజులో రాగి క్లోరైడు కలిపి 500 నుంచి 700 డిగ్రీలవరకు, ఒక గంటనుంచి 96 గంటలవరకు కాల్చి చూశాడు. కాల్చినకొద్దీ లోపలి స్ఫటికాలు పెరిగేవి. చిన్న స్ఫటికాలున్న గాజు నీలంవైపు వెలుతురును మింగేది. 1981లో ఆయన ఈ సంగతి రాశాడు. కాని సోవియట్ పత్రికలో రాసింది అమెరికాకు తెలియలేదు. అక్కడ బెల్ ప్రయోగశాలలో బ్రూస్ అనే ఆయన, ద్రవంలో తేలే కాడ్మియం సల్ఫైడు నలుసులను బల్లమీద మరిచి వుంచితే వాటి గుణం మారిందని గమనించాడు. నలుసులు పెరిగాయి కాబోలుననుకుని, చిన్నవీ పెద్దవీ చేసి పోల్చి, 1983లో తనంతట తాను అదే సంగతి కనిపెట్టాడు.

కాని అప్పటికి చుక్కలు రకరకాల సైజుల్లో కలగాపులగంగా వచ్చేవి. అన్నీ ఒకే సైజున చెయ్యటం 1993లో బావెండీ చూపించాడు. బాగా కాగిన నూనెవంటి ద్రవంలోకి రసాయనాలను ఒక్కసారిగా చిమ్మితే, విత్తనాలవంటి స్ఫటికాలన్నీ ఒకేక్షణంలో పుడతాయి. అన్నిటి వయస్సూ ఒకటే గనక అన్నీ ఒకే తీరున పెరుగుతాయి. పాకం తీగ వచ్చినప్పుడు దించినట్టు, కావలసిన సైజు రాగానే ఆపెయ్యవచ్చు. ఈ ముగ్గురికీ 2023లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ బావెండీగారికి కాలేజీలో మొదటి రసాయన పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయో తెలుసా? 100కి 20! ఆయనే చెప్పుకున్నాడు. ఈ ముక్క నాకు 1996లో తెలిసి వుంటే హాస్టల్లో అన్నం తినేదాన్ని.

నూనెలో పుట్టిన చుక్క నీళ్ళలో కరగదు. మన శరీరమేమో నీళ్ళమయం. అందుకని దానికి తొడుగులు తొడుగుతారు. పూర్ణపుబూరె చూడండి: లోపల పూర్ణం, పైన పిండి. చుక్కలో కాడ్మియం సెలినైడు పూర్ణం. దానిమీద జింకు సల్ఫైడు తొడుగు. ఈ తొడుగువల్ల వెలుతురు హెచ్చుతుంది, లోపలి వస్తువు బయటికి కారదు. దానిమీద నీళ్ళతో పొసగే మరొక పొర. ఆ పైన ప్రతిరక్షకం అనే మాంసకృత్తును అంటిస్తారు. ఇది పోస్టుజవాను వంటిది. ఇంటి నెంబరు చూసుకుని, తాను వెతికే మాంసకృత్తు ఎక్కడున్నదో అక్కడికే పోయి అంటుకుంటుంది. చుక్క దానితోపాటే పోయి దీపం పెడుతుంది.

నేను మొదటిసారి ఈ చుక్కలను చూసింది 2007లో. నాతో చదివిన స్నేహితురాలు హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేసేది. మైక్రోస్కోపులో కణంలోని పోగులు కుంకుమరంగులో వెలుగుతున్నాయి. నేను చూసి, రేకు తలుపు మూయకుండా లేచాను.

"తలుపు వెయ్యవే!" అన్నది ఆమె.

"వెయ్యను. పద, టీ తాగి వద్దాం," అన్నాను.

టీ తాగి, తీరిగ్గా కబుర్లు చెప్పుకుని వచ్చాం. పోగులు అట్లాగే వెలుగుతున్నాయి! ఇరవై నిమిషాలు దీపం వృథా చేశానని ఆమె విసుక్కున్నది. విసుక్కోనీ.

ఈ చుక్కలకు ఇంకొక మంచిగుణం వున్నది. పాతరంగులయితే ఒక్కొక్కదానికి ఒక్కొక్కరకం వెలుతురు కావాలి. చుక్కలకు అన్ని రంగులకూ ఒకే నీలి వెలుతురు చాలు. అందుచేత ఒకే ముక్కలో నాలుగైదు మాంసకృత్తులను నాలుగైదు రంగుల్లో ఒకేసారి చూడవచ్చు. ఒక పిచ్చిగుణం కూడా లేకపోలేదు. ఒంటరిచుక్కను చూస్తే అది మిణుగురులాగా ఆరుతూ వెలుగుతూ వుంటుంది. 2002లో కొందరు శాస్త్రజ్ఞులు కప్ప పిండంలోని ఒక్క కణంలోకి ఈ చుక్కలను కోట్లకొద్దీ ఎక్కించారు. కణం రెండయింది, నాలుగయింది. దాని సంతానమంతా వెలుగుతూనే వున్నది. ఏ కణం సంతానం తోకకప్పలో ఏ భాగమయిందో వెలుతురు చూసి చెప్పగలిగారు.

ఇక ఈ రాత్రి మీరొక పని చెయ్యండి. దీపాలు ఆర్పి, టార్చిలైటు మీద అరచెయ్యి గట్టిగా నొక్కి పెట్టండి. టార్చి తెల్లగా వెలిగినా, వేళ్ళ మధ్యనుంచి ఎర్రని వెలుతురే వస్తుంది. నీలమూ ఆకుపచ్చా ఏమయ్యాయి? నెత్తురూ కండా మింగేశాయి. ఎరుపు మాత్రమే దాటి రాగలిగింది. ఎరుపుకు కొంచెం అవతల, కన్నుకు కనిపించని పరారుణ కిరణాలున్నాయి. అవి కండలోనుంచి ఇంకా బాగా దాటతాయి. చుక్క సైజూ పదార్థమూ మార్చి పరారుణంలో వెలిగేటట్టు చెయ్యవచ్చు. అప్పుడు చర్మం కోయకుండానే లోపలి వస్తువును ప్రత్యేకమైన కెమెరాతో చూడవచ్చు.

ఇది ఎందుకు పనికివస్తుందో చెప్పాలంటే మా మేనత్త సంగతి చెప్పాలి.

1991లో మా మేనత్తకు రొమ్ములో కాన్సరు గడ్డ లేచింది. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కట్టటం మీకు తెలుసుగదా? అటువంటి బిళ్ళలు చంకలో కూడా వుంటాయి. ఒంట్లోని ఊటనీరు సన్నని కాలువల్లో పారి ఈ బిళ్ళల్లో వడకట్టుకుంటుంది. కాన్సరు పాకేటప్పుడు ఆ కాలువలవెంట పోయి ముందు ఈ బిళ్ళల్లో దిగుతుంది. ఏ బిళ్ళలో దిగిందో తెలియదు గనక, ఆ రోజుల్లో చంకలోవి అన్నీ తీసి పరీక్షించేవారు. అత్తకూ అట్లాగే తీశారు. అత్త బతికింది. చాలాకాలం బతికింది. కాని ఊటనీరు పోయే దారి లేక ఆమె కుడిచెయ్యి వాచింది. బంగారు గాజులు చేతికి బిగుసుకుపోతే కంసాలి వచ్చి కత్తిరించి తీశాడు. తరవాత అతుకు వేయించారు గాని, అత్త వాటిని పెట్టెలో పెట్టేసింది. వడ్డించేటప్పుడు కూడా ఎడమచేతితో కుడిచెయ్యిని పట్టుకునేది.

ఊరికి వచ్చిన బాటసారి ముందు పొలిమేర సత్రంలో దిగినట్టు, గడ్డనుంచి వచ్చే నీరు మొదట దిగే బిళ్ళ ఒకటో రెండో వుంటుంది. అది తెలిస్తే దాన్ని మాత్రమే తీసి చూడవచ్చు. అది శుభ్రంగా వుంటే మిగతావాటిని ముట్టుకోనక్కరలేదు. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో ఫ్రాంజియోనీ అనే వైద్యుడూ, మన బావెండీ కలిసి, పరారుణంలో వెలిగే చుక్కలను పంది చర్మంలోకి సూదితో ఎక్కించారు. చుక్కలు కాలువవెంట పోయి మొదటి బిళ్ళలో దిగి ఆగిపోయాయి. చర్మానికి ఒక సెంటీమీటరు లోతున వున్న బిళ్ళ, కెమెరా తెరమీద దీపంలా కనిపించింది. వైద్యుడు దాన్ని చూస్తూనే కోశాడు.

అది చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చినవి అత్త గాజులు.

అయితే ఇప్పుడు ఆస్పత్రుల్లో ఈ చుక్కలు వాడుతున్నారా అంటే, లేదు. చుక్క పూర్ణం కాడ్మియం అన్నాను గదా? కాడ్మియం విషం. పై తొడుగు చెడితే లోపలి కాడ్మియం బయటికి కారి కణాలను చంపుతుంది. ఈ సంగతి కూడా 2004లోనే రుజువయింది. అదీగాక చుక్కలు ఒంట్లోనుంచి సులువుగా పోవు. ఎలుకల్లో నెలల తరబడి నిలిచివున్నాయి. ఆరిపోకపోవటం మైక్రోస్కోపు కింద గొప్పగుణం. మనిషి ఒంట్లో అదే చిక్కు! తొడుగులతో సహా 5.5 నానోమీటర్లకన్న చిన్నదయితే మూత్రంలో పోతుందని 2007లో తేలింది. కాని అన్ని తొడుగులు వేసి అంత చిన్నగా చెయ్యటం మాటలు కాదు. అందుకని కొందరు కాడ్మియం లేకుండా ఇండియం ఫాస్ఫైడుతో చేస్తున్నారు. మన దేశంలోనే రూర్కెలాలో శాస్త్రజ్ఞులు 2012లో నారింజరసాన్ని కాచి, వెలిగే కర్బనపు చుక్కలు చేసి కణాలలో వెలిగించి చూపారు. ఈలోగా క్వాంటం చుక్కలు టెలివిజన్లలోకి వచ్చేశాయి. ఆస్పత్రికి చేరనివి హాల్లోకి చేరాయి!

2021లో మా వదినకు, అంటే ఆ మేనత్త కూతురికి, అదే జబ్బు కనిపించింది. ఆపరేషనుకు ముందు నేను ఉండబట్టలేక డాక్టరుగారిని చుక్కల సంగతి అడిగాను. ఆయన నవ్వి, "అవి ఇంకా ఎలుకలకూ పందులకేనమ్మా. నాకు నీలం రంగు చాలు," అన్నాడు. ఆ పాతనీలాన్నే సూదితో ఎక్కించారు. కొన్నిచోట్ల దానితోపాటు కొంచెం రేడియోధార్మిక పదార్థమో, పరారుణంలో వెలిగే ఆకుపచ్చరంగో వాడతారు. నీలం రెండు బిళ్ళల్లో దిగింది. ఆ రెండూ తీసి చూశారు. శుభ్రంగా వున్నాయి. మిగతావాటి జోలికి పోలేదు.

మూడునెలల తరవాత వదినను చూడటానికి వెళ్ళాను. అత్త గాజులు రెండు చేతులకూ వేసుకుని కాఫీ తెచ్చింది. సూది వేసినచోట నీలపు మరక ఇంకా పోలేదట.

"ఇవి నీ చుక్కలేనా ఏమిటే?" అన్నది.

"కావు వదినా, పాతరంగే," అన్నాను.